దండగ నారప్ప మెచ్చిన ఒకే ఒక్కడు

ఫలానాది బాగుందని నారప్ప అన్నాడంటే పావగడలో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఆయన నోట్లో ఒకే ఒక్క మాట ఆడేది: దండగ. టెంటులో కొత్త సినిమా పడితే మొదటి ఆటకే పోయి, నేల మీద కూర్చుని, ఆఖరి దాకా చూసి, బయటికొచ్చి బీడీ ముట్టించి "దండగప్పా" అనేవాడు. బయలాట వాళ్లు గొంతులు చించుకుని రాత్రంతా ఆడితే, చివరిదాకా కదలకుండా కూర్చున్నవాడూ ఆయనే, పొద్దున్నే లేచి పంచె దులుపుకుని "రాజు ఏసం గట్టినోనికి పొట్ట, రాణి ఏసం గట్టినోనికి మీసం, దండగ" అని తేల్చేసినవాడూ ఆయనే. హరికథ దాసుగారు, రేడియో నాటకం, ఎన్నికల ఉపన్యాసం, మా అంగట్లో బెల్లం, అన్నిటికీ అదే తీర్పు. పోనీ చూడకుండా ఉంటాడా అంటే ఉండడు. నాకు ఒళ్లు మండేది అక్కడే. నచ్చని దాన్ని అంత శ్రద్ధగా చూసే మనిషిని నా జన్మలో ఇంకొకణ్ణి చూడలేదు.

నా పేరు గంగప్ప. అప్పట్లో బస్టాండుకు ఎదురుగా నాకు కిరాణా అంగడి ఉండేది. ఈ నారప్పతో నాకు పరిచయం కాగితం సంచుల వల్ల కలిగింది.

ఆయనది క్యాతగానచెర్లు. ఎనభయ్యో దశకం సగానికి వచ్చేసరికి వానలు మా తాలూకాను మరిచేపోయాయి. శెనక్కాయ విత్తడం, మొలక చూసి మురిసిపోవడం, అది ఎండిపోతే పీకి పశువులకు వేయడం, ఏడాది తర్వాత ఏడాది ఇదే వరస. చివరికి పశువులను కూడా అమ్మేసి, భార్య ఓబమ్మను వెంటబెట్టుకుని పావగడ వచ్చి, కొండ కింద ఒక గది బాడుగకు తీసుకున్నాడు. వచ్చేటప్పుడు బస్సు మీద వేసుకుని తెచ్చిన సామాను ఒక ట్రంకుపెట్టె, రెండు మూటల విత్తనం కాయలు. గది మరీ చిన్నది. గోడవార మూటలు నిలబెట్టాక మిగిలిన చోట్లో ఒకరు కాళ్లు చాపితే ఇంకొకరు ముడుచుకోవాలి. ఆ మూటల మీద మొగుడూ పెళ్లాలకు పడేది కాదు. ఓబమ్మ దృష్టిలో అవి వచ్చే ముంగారు వానలకు నేలలో పడాలి. నారప్ప దృష్టిలో అవి నూనె మిల్లుకు పోవాలి.

"రోంత పదునయితే సాలు, పోయి ఇత్తుదాం" అనేది ఆమె.

"మూడేండ్లు ఇత్తితిమి గదే. ఏమొచ్చె? ఇంగ ఆ నేలకు పెట్టేదంతా దండగ" అనేవాడు ఆయన.

ఓబమ్మ ఊరికే కూర్చునే మనిషి కాదు. పాత కాగితాలు కొనుక్కొచ్చి, మైదా గంజితో అంటించి, సంచులు చేసి అంగళ్లకు వేసేది. నా అంగడికీ ఆమే వేసేది. నారప్ప మాత్రం ఊరికే కూర్చునే మనిషే. కాకపోతే ఆమె చించబోయే కాగితాన్ని ముందు తాను చదివేవాడు. ఎస్సెస్సెల్సీ తప్పినా ఆయనకు చదువు మీద మోజు తప్పలేదు. పాత పేపరు దొరికితే పెళ్లి ప్రకటనల దగ్గర్నుంచి టెండరు నోటీసుల దాకా చదివి, టెండరు రాసినవాడికి కూడా రాయడం రాదని తేల్చేవాడు.

ఆ ఏడు కాగితాల అంగడికి బెంగళూరు నుంచి వచ్చిన బేళ్లలో, ఆ పెద్ద కట్టల్లో, పేపర్లకు బదులు బొమ్మల పుస్తకాలు వచ్చాయి. ఓడలో మద్రాసుకు దిగిన జపాను తుక్కు అని అంగడివాడు చెప్పాడు. ఒక్కో పుస్తకం ఇటుకంత మందం. పేజీకి ఐదారు గళ్లు, గళ్లలో పెద్ద పెద్ద కళ్ల మనుషులు, వాళ్ల నోటి దగ్గర బుడగలు, బుడగల్లో మనకు అంతుపట్టని రాత. ఒక పుస్తకంలోనే పదీ పన్నెండు కథలు, ఒక్కోదాని తరువాయి మరో పుస్తకంలో ఉండేది. బేలులో వెతికితే ఒక్కోసారి దొరికేది, ఒక్కోసారి దొరికేది కాదు. కాగితం గరుకుగా, గంజి పట్టేలా ఉండడంతో ఓబమ్మ సంతోషపడింది. ఇన్ని కొత్త కథలు తిట్టడానికి దొరికినందుకు నారప్ప అంతకన్నా సంతోషపడ్డాడు.

"రాత రాకుంటే ఏందప్పా? బొమ్మకు బాస ఉండాదా?" అన్నాడు నాతో.

పొద్దంతా గదిలో చదివేవాడు. ఆయన చదివేసిన పేజీని చదివేసినట్టే ఓబమ్మ చించి సంచికి మడిచేది. సాయంత్రం బస్టాండు పక్కన ఆంజినమ్మ టీ అంగట్లో బెంచీ మీద కూర్చుని తీర్పులు చెప్పేవాడు. వానల్లేని కాలం, పనుల్లేని జనం. సినిమాకు పోయే స్తోమత లేనివాళ్లంతా వచ్చి చుట్టూ చేరేవారు. నేనూ అంగట్లో ఎవరూ లేనప్పుడు వెళ్లేవాణ్ణి. ఆయన్ని చూస్తే ఒళ్లు మండినా, చెప్పడం మొదలుపెడితే కదలబుద్ధయ్యేది కాదు.

మొదటి రోజు కత్తుల కథ చెప్పాడు.

"ఆ దేశంలో మనుసులు ముందుగానే సచ్చి పండుకోనుంటారు. శానాసేపటికి ఒగడు కత్తి దూసుకోనొస్తాడు. వాడొచ్చినంక సచ్చినోళ్లంతా లేసి నిలబడి వాన్ని తిడ్తారు. ఆఖరికి అందరూ చుట్టూ కూకోని గంజి తాగుతారు. ఆ గంజేదో ముందే తాగుంటే ఇంత గలాటా ఎందుకు? దండగ."

తర్వాత దుడ్డుకర్రతో బంతి కొట్టే పిల్లవాడి కథ. అది నాలుగైదు పుస్తకాల పొడుగునా సాగింది.

"మొదట్లోనే యేలమంది జనం వాన్ని ఎత్తి ఎగరేస్తాంటారు. పోను పోను జనం తగ్గిపోతారు. పోను పోను వానికి బంతి తగిలేదే మానేస్తాది. ఆఖరి పుస్తకంలో వాడొక్కడే వాళ్లింటి గోడకు బంతి కొట్టుకుంటా ఉంటాడు. ఆడేకొద్దీ ఆట మర్సిపోయే మొద్దు గురించి అంత పుస్తకం ఎవడన్నా రాస్తాడా?"

ప్రేమకథలనూ వదల్లేదు. ఒకటి పెళ్లితో మొదలై, ముద్దులూ అలకలూ అయ్యాక, ఇద్దరూ రైల్లో ఎదురెదురుగా కూర్చుని ఒకరి ముఖం ఒకరు ఎరగనట్టు కిటికీలోంచి చూడడంతో ముగిసిందట.

"అది మాత్రం నిజమేలే నారప్పన్నా" అంది ఆంజినమ్మ, గ్లాసులు కడుగుతూ. ఆమె మొగుడు తుమకూరులో ఇంకో సంసారం పెట్టి చాలా కాలమైంది.

"నిజమయితే పుస్తకం యాలమ్మా? నిజం అందరిండ్లల్లోనూ ఉండాది. దండగ."

వంటవాడి కథ చెప్పినప్పుడైతే ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. ఆ వంటవాడి అంగట్లో జనం ఖాళీ గిన్నెలు ముందు పెట్టుకుని పొట్టలు నిమురుకుంటూ ఉంటారట. కాసేపటికి గిన్నెలు నిండుతాయట. ఆ తర్వాత వాడు గిన్నెలో ఉన్నదాన్ని కుండలో పోసి, తరిగిన ముల్లంగిని దుంపగా చేసి, చేపను తీసుకెళ్లి సముద్రం ఒడ్డున జాలరి చేతిలో పెట్టి దండం పెడతాడట.

"వాపస్ ఇచ్చేదానికి వండేది యాల? మా ఓబి వంటే మేలు" అన్నాడు. భార్యను మెచ్చుకుంటున్నాడేమో అని నేను ఆశ్చర్యపోయేలోగా "అదీ దండగే అనుకో" అని సర్దుకున్నాడు.

మాకందరికీ బాగా నచ్చింది కొండంత తొండ కథ. పాడుబడిన పట్టణంలోకి ఆ తొండ వస్తుంది. మంటలను నోట్లోకి పీల్చేసుకుంటుంది. అది కాలు ఎత్తితే చాలు, దాని కింద కూలిపోయిన మిద్దె లేచి నిలబడుతుంది. వీధులన్నీ అలా బాగుచేసి, చివరికి సముద్రంలోకి దిగి వెళ్లిపోతుంది.

"అంత పనితనం ఉండే మేస్త్రి యాడన్నా దొరుకుతాడా? కూలి అడగల్యా, కూడు అడగల్యా. ఆ జనం సూడు, దాన్ని సూసి పరిగెత్తుతారు! కృతజ్ఞత లేని నాయాండ్లు."

గుద్దులాట పుస్తకాలకైతే ఒకటే మాట. "ముందు పడతాడు. ఆమీద దెబ్బ తగుల్తాది. ఆమీద అవతలోని చెయ్యి లేస్తాది. పిలకాయల బొమ్మలు గూడా ఇంతకన్నా వరసగా ఉంటాయి. గీసేటోనికి తెలీదా, అచ్చేసేటోనికి తెలీదా? దేశం దేశమంతా దండగ."

"నచ్చకపోతే ఎందుకు చదువుతావు నారప్పా?" అని అడిగాను ఒకసారి, తట్టుకోలేక.

"ఎంత చెడ్డగా ఉండాదో తెల్సుకోవద్దా?" అన్నాడు, నేనే తెలివితక్కువవాణ్ణయినట్టు.

ఆయన తిట్టిన కథలన్నీ నా అంగడికి సంచులై వచ్చేవి. ఒకసారి రంగక్క మిరపకాయలు కట్టించుకుని, సంచి మీద తెగిపడిన చెయ్యి బొమ్మ చూసి జడుసుకుని, మిరపకాయలు మళ్లీ తక్కెడలోనే పోసి పోయింది. ఆ సంగతి నారప్పకు చెబితే, ఆ చెయ్యి మళ్లీ అతుక్కుంటుందని, అది ఇంకో సంచి మీద ఉంటుందని, వెతికి ఇమ్మని అన్నాడు. ఆయనతో మాట్లాడడం నాదే బుద్ధితక్కువ.

అలాంటివాడు ముంగారు దగ్గరపడిన రోజుల్లో ఒక సాయంత్రం సగం పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. మామూలుగా చదివేసిన పుస్తకం మిగలదు, సంచులైపోతుంది. ఇది సగం దాకా చిరిగి, మిగతా సగం అట్టతో సహా భద్రంగా ఉంది. బెంచీ మీద కూర్చుని పుస్తకం తొడ మీద పెట్టుకున్నాడు.

"వీడు మనిసప్పా" అన్నాడు.

ఆంజినమ్మ టీ తిరగబోస్తున్నదల్లా ఆగిపోయింది. ఎవరో "ఎవరప్పా?" అని అడిగారు.

"ఈడు. రైతు." అట్ట మీద బొమ్మ చూపించాడు. తలగుడ్డ కట్టుకున్న బక్క మనిషి.

ఆ కథ ఆయన చెప్పిన వరసలోనే చెబుతాను. మొదట్లో కుప్పలు పోసిన ధాన్యం, డప్పులు, గుండ్రంగా నిలబడి ఆడే ఆడా మగా. ఆ తర్వాత నిండుగా ఉన్న చేను. అది పోను పోను పొట్టిదై, పిలకలై, మొలకలవుతుంది. ఆపైన వాన. వాన తర్వాత ఆ రైతు వంగి నేలలోంచి విత్తనాలను తీసి గింజ గింజ మూట కట్టుకుంటాడు. భార్య ఎదురుగా నిలబడి ఏడుస్తుంది. వాడు వినడు. ఆఖరి పేజీలో బీటలు వారిన నేల మీద మూట ఒళ్లో పెట్టుకుని ఒంటరిగా కూర్చుంటాడు.

"చేను సూసి మోసపోల్యా. వాన సూసి మోసపోల్యా. పెండ్లాం కండ్లనీళ్లు సూసి మోసపోల్యా. ఇత్తనం ఎనక్కి తీసి కట్టుకున్నాడు. బేలు బేలంతా వెతికితే బుద్ధి ఉండేది వీనికొక్కనికే" అన్నాడు నారప్ప. ఆయన గొంతులో ఎప్పుడూ లేని మెత్తదనం వినబడి నాకు చిరాకేసింది. "రేపు సాయంత్రం మిల్లు బండి వస్తాది. మూటలు ఏసి పంపిస్తాండా."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. అందరివీ అలాంటి మూటలే, అలాంటి నేలలే.

మర్నాడు పొద్దున ఓబమ్మ సంచులు తెచ్చింది. కట్ట బల్ల మీద పెట్టి అక్కడే నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఇన్నాళ్లు నేను జెప్పింది దండగ అన్న్యాడు. ఇప్పుడు జపానోడు జెప్పినాడంట, ఇత్తనం మిల్లుకంట." కట్ట నా వైపు తోసింది. "నేల బీడుబడినా ఇత్తనం ఉంటే రైతులమే గంగన్నా. ఇత్తనం గూడా పోతే ఇంగ మేమేంది? కాగితాలోళ్లం."

"నువ్వు చెప్పి చూడమ్మా" అన్నాను.

"నేను జెప్పేది యాడినబడుతాది? ఆ పుస్తకంలో ఆయమ్మ ఏడ్సింది గదా, ఈయన వానికి సబాసు అన్న్యాడు."

నాకు నారప్ప మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కణ్ణి మెచ్చుకున్నాడు. ఆ ఒక్కణ్ణి కూడా పెళ్లాన్ని ఏడిపించినందుకు మెచ్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నం కొండ మీదికి నల్లమబ్బు ఎక్కింది. అలాంటి మబ్బులు మూడేళ్లుగా ఎక్కి దిగిపోతూనే ఉన్నాయి కాబట్టి ఎవరూ తలెత్తి చూడలేదు. నారప్ప ఆంజినమ్మ అంగట్లో కూర్చుని మిల్లు బండి కోసం చూస్తున్నాడు. పుస్తకం పక్కన బెంచీ మీద ఉంది. సైకిల్ షాపు బుడేన్‌సాబు టీకి వచ్చాడు. గ్రీజు చేతులు లుంగీకి తుడుచుకుని, టీ వచ్చేలోపు ఊసుపోక పుస్తకం తీసుకుని తెరిచాడు. వెనక అట్ట వైపు నుంచి తెరిచాడు.

"ఓ సాబూ, ఎనకనుంచి తెరుస్తాండావు" అన్నాడు నారప్ప.

"చిన్నప్పుడు మసీదులో ఉర్దూ సదివింటిమి గదప్పా, ఆ అలవాటు. మావి ఇట్లనే తెరుస్తారు." బుడేన్‌సాబు పుస్తకం తిప్పలేదు. అలాగే పేజీలు తిప్పుతూ, వేలు కుడి నుంచి ఎడమకు జరుపుతూ చూస్తున్నాడు. "పాపం, నేలంతా ఎండిపోయుండాది. మూట ఒళ్లో పెట్టుకోని కూకున్నాడు."

"అది ఆఖరు పేజీ" అన్నాడు నారప్ప.

"పెండ్లాం వచ్చె. ఏడుస్తాంది. ల్యాయ్ ల్యాయ్ అంటాందేమో. ఆ, ల్యాసినాడు. మూట ఇప్పినాడు. ఇత్తుతాండాడు." బుడేన్‌సాబు పేజీ తిప్పాడు. ఆయన ముఖం విచ్చుకుంది. "అరె! వానొచ్చె!"

నారప్ప పుస్తకం లాక్కున్నాడు. వెనక నుంచి ముందుకు ఒక పేజీ, రెండు పేజీలు, నాలుగు పేజీలు తిప్పాడు. ఇంతలో ఆంజినమ్మ పొయ్యి విసరడానికని కాగితాల అంగడి నుంచి తెచ్చి పెట్టుకున్న గుద్దులాట పుస్తకం తీసి, బుడేన్‌సాబు చూపినట్టే తెరిచింది.

"అన్నా! చెయ్యి లేసింది. దెబ్బ తగిలింది. ఆమీదనే పడినాడు! కొట్టినంకనే పడినాడన్నా!"

అంగడంతా గొల్లుమంది. తొండ మేస్త్రి కాదని, ఊరు కూల్చిందని ఒకడు. వంటవాడు చేప కొనుక్కొచ్చే వండాడని ఒకడు. రైల్లో వాళ్లిద్దరూ అప్పటికింకా పరిచయమే కాలేదని ఒకడు. నెలల తరబడి విన్న తీర్పులన్నీ ఒక్కొక్కటే తిరగేసి నారప్ప నెత్తిన వేశారు. నేనూ నవ్వాను. మూడేళ్ల తర్వాత కడుపారా నవ్వడం అదే.

"తప్పు వాండ్లది!" అని అరిచాడు నారప్ప. "శుబ్బరంగా ఎడమపక్క ఉండాది గదా, కుడిపక్క నుంచి రాసేది ఏం పద్దతి?"

బుడేన్‌సాబు టీ ఊదుకుంటూ "మాదీ అదే పద్దతిప్పా" అన్నాడు మెల్లగా. దాంతో మళ్లీ నవ్వులు.

నారప్ప లేచి విసురుగా రోడ్డు దాటి నా అంగట్లోకి వచ్చాడు. నేను వెనకే పరిగెత్తాను. అప్పటికే సంచుల కట్టలన్నీ బల్ల మీద పారేసి, ఒక్కొక్క సంచి తిప్పి తిప్పి చూస్తున్నాడు. బెల్లం పోసి పెట్టిన సంచిని కూడా గుమ్మరించేశాడు. అడ్డం పోతే నన్ను తోసేశాడు. చివరికి ఒక సంచి దొరికింది. దాని అంటు ఊడదీసి, బల్ల మీద పరిచి, అరచేత్తో మడతలు సాపు చేశాడు. ధాన్యం కుప్పలు, డప్పులు, గుండ్రంగా ఆడుతున్న జనం, మధ్యలో ఆ తలగుడ్డ బక్క మనిషి, పక్కన వాడి భార్య. ఆమె ఇప్పుడు ఏడవడం లేదు. ఆ పేజీలోనే కథ అయిపోయింది. దాన్నే ఆయన మొట్టమొదట చదివి, ఇదేదో ఆరంభమనుకుని, ఓబమ్మ చేతికి చించి ఇచ్చాడు.

"ఇప్పుడు చెప్పు నారప్పా. దండగేనా?" అన్నాను.

"ముందుండిందే మేలు. ఇది ఉత్త సినిమా కత" అన్నాడు, కానీ కాగితం మీద నుంచి చెయ్యి తీయలేదు.

"ఏది మేలో నాకెందుకు? పుట్టినప్పట్నుంచి నువ్వు మెచ్చుకున్నది వాడొక్కణ్ణే. వాడు పెళ్లాం మాట విని విత్తినాడు. ఇప్పుడు వాణ్ణి మెచ్చుకున్నది తప్పంటావా, నువ్వు చేసేది తప్పంటావా? రెంటిలో ఒకటి దండగ కావాల్సిందే."

కోపంలో అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకు, అనకపోతే బాగుండేదనుకున్నాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని కొండ వైపు నడిచాడు. బెల్లం ఎత్తుకోవడం తర్వాత చూసుకోవచ్చని నేనూ వెంటబడ్డాను. ఈ మొండివాడు ఏం చేస్తాడో చూడకపోతే నాకు నిద్ర పట్టదు.

గది ముందు మిల్లు బండి నిలబడి ఉంది. బండివాడు గుమ్మంలో నిలబడి లోపలికి కేకలు వేస్తున్నాడు. లోపల ఓబమ్మ మూటల మీద కూర్చుని ఉంది. రెండు మూటలు పక్కపక్కన పడేసి, వాటి మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. నారప్పను చూసి కదల్లేదు.

"నన్నెత్తి కింద పడేసి తీస్కపో. నేనుగా ల్యాయను" అంది.

నారప్ప గుమ్మం దగ్గర నిలబడ్డాడు. జేబు తడుముకున్నాడు గానీ కాగితం బయటికి తీయలేదు. చివరికి బండివాడి వైపు తిరిగాడు.

"పోప్పా. ఈ యాపారం దండగ."

బండివాడు ఆయన్నీ ఆయన తాతముత్తాతలనూ తిట్టుకుంటూ బండి తిప్పుకుని పోయాడు. ఓబమ్మ మూటల మీద నుంచి లేవలేదు. నమ్మలేదు. నమ్మేలా ఆయన ఎప్పుడైనా ప్రవర్తించి ఉంటే కదా.

"ముంగారు పడకపోతే నన్నేమీ అనొద్దు" అన్నాడు నారప్ప ఆమెతో. "ఆ జపానోన్ని అను."

అప్పుడు ఓబమ్మ ఏడ్చింది. నేను అక్కడ ఉండడం బాగుండదని వచ్చేశాను.

ఆ వారంలోనే వాన పడింది. గొప్ప వానేం కాదు, పదును వాన. ఇద్దరూ గదిలో కూర్చుని కాయలు ఒలిచి, గింజలు మూటగట్టుకుని క్యాతగానచెర్లు పోయారు. ఊళ్లో ఎర్రప్ప కాళ్లావేళ్లా పడితే ఒకరోజుకు ఎద్దులూ గొర్రూ ఇచ్చాడట. పోతూ పోతూ నారప్ప నా అంగడి దగ్గర బస్సు ఆపించి మరీ, ఆ ఎద్దులు ఎంత దండగవో అప్పుడే చెప్పి వెళ్లాడు. ఇంకా చూడనైనా లేదు వాటిని.

మొలక బాగా వచ్చిందని తెలిసింది. పూత పట్టిందని తెలిసింది. సరిగ్గా ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగదు, దిగకపోతే కాయ ఊరదు. తాలూకా అంతటా అదే గతి. ఆ ఏడు ఎవరిని చూసినా పలకరించడానికి భయపడ్డాను, ముఖ్యంగా ఓబమ్మను. నేను ఆ రోజు నోరుపారేసుకోకపోయి ఉంటే ఆ విత్తనం మిల్లుకన్నా పోయేది కదా అనిపించేది.

పంట పీకేశాక ఒక రోజు బస్సులోంచి నారప్ప దిగాడు. వెనకే ఓబమ్మ. బస్సు మీద నుంచి దింపినవి రెండు మూటలు. గదికి మోసుకుపోవడానికి నేనూ ఒక మూట ఎత్తుకున్నాను. మళ్లీ అదే గోడవార, అదే చోట నిలబెట్టాం. నారప్ప వాటి వైపు చూసి బీడీ ముట్టించాడు.

"రెండు మూటలు పోయినాయి. రెండు మూటలు వచ్చినాయి. ఇటునుంచి సదివినా అటునుంచి సదివినా ఒగటే కత గంగప్పా. దండగ."

"ఒగటే కాదు" అంది ఓబమ్మ. చెమట తుడుచుకుంటూ మూట మూతి విప్పింది. "ఆ పాత కాయలు ఈడనే పెట్టుకోనుంటే ఈపాటికి పురుగు తినేసుండు. ఇవి కొత్తవి. వచ్చే ఏడు మొలుస్తాయి."

ఒక కాయ తీసి, బొటనవేలితో టప్పున చిట్లించి, గింజలు మొగుడి అరచేతిలో పోసింది. ఎర్రగా, గట్టిగా ఉన్నాయి. ఆయన నోట్లో వేసుకుని నమిలాడు. చాలాసేపు నమిలాడు. బీడీ ఆరిపోయింది. ఆ మాట ఎప్పుడొస్తుందా అని నేనూ ఓబమ్మా ఆయన నోటి వైపే చూస్తున్నాం.

"ఉప్పు ల్యాదు" అన్నాడు, ఇంకో కాయ కోసం చెయ్యి చాపుతూ.

ఓబమ్మ ఆ చేతి మీద ఒక దెబ్బ వేసి, మూట మూతి బిగించి కట్టేసింది.